ఇల్లు నిండిన గుర్తు

పోయిన సంచికలో పూర్ణిమను అవనిగడ్డ బస్టాండులో నిలబెట్టి మనం వారం రోజులు హాయిగా మన పనులు చూసుకున్నాం. ఆమె పని మాత్రం అక్కడే ఆగి ఉంది. చేతిసంచిలో కాంతారావు మాస్టారు రాసిచ్చిన నూరు పేజీల నోటుబుక్కు, రెండు అంచులా చిల్లులున్న కంప్యూటరు కాగితాల కట్ట, గోవర్ధనరావుగారు టైపు చేయించిన ఒక ఉత్తరం ఉన్నాయి. ఉత్తరం కింద సంతకం చోటు ఖాళీ.

ఇప్పుడే కథలోకి వచ్చిన వాళ్ళు తడుముకోకుండా జరిగింది క్లుప్తంగా చెప్తాను. తొంభయ్యో సంవత్సరం మే తుఫానులో చినలంకపాలెం గుడిసెలన్నీ పోయాయి. రెండేళ్ళకు బందరులోని ఒక సేవాసంస్థ అక్కడ నలభై మూడు పక్కా ఇళ్ళు కట్టడానికి పూనుకుంది. రిటైరైన బడిపంతులు కాంతారావుగారు గడప గడపకూ తిరిగి మనుషుల పేర్లు రాసుకొచ్చారు. రోజూ గుడివాడ నుంచి ప్యాసింజరులో వచ్చే పూర్ణిమ వాటిని కంప్యూటరుకు ఎక్కించింది. ఇళ్ళ యజమానుల జాబితా ఆఫీసు గోడ మీద అంటిస్తే, నలభై మూడు ఇళ్ళూ ఆడవాళ్ళ పేర ఉన్నాయి. పాలెంలో మగవాళ్ళు రెండు రోజులు సణిగి, రూలు అలా ఉంది కాబోలని ఊరుకున్నారు. సంస్థ కార్యదర్శి గోవర్ధనరావుగారైతే ఆ రూలు తన బుర్రలోంచే పుట్టిందని దాతలకు చెప్పి, గోడ పక్కన నిలబడి ఫొటో కూడా దిగారు.

ఆ తర్వాత మగవాళ్ళకు వలలు పంచిన రోజున రభస మొదలైంది. పాలెం మనుషులందరి జాబితాలో జాలరి యలమంద పేరు ఎక్కడా లేదు. అతని తల్లి పేరు లేదు. ముగ్గురు పిల్లల పేర్లు లేవు. భార్య మాణిక్యం పేరు మాత్రం ఇంటి యజమానిగా మొట్టమొదటనే ఉంది. పెద్దపిల్లను బడి మాన్పించాడని యలమందను మాస్టారు టీకొట్టు దగ్గర నలుగురిలో తిట్టిన సంగతి ఊరికి తెలుసు. ఆ పగ పెట్టుకుని మాస్టారే పేరు కొట్టేశాడని కొందరన్నారు. మొగుణ్ణి కొట్టేసి పెళ్ళాన్ని ఎందుకు ఉంచాడని ఇంకొందరు నవ్వుతూ అడిగారు. ఆ నవ్వు ఎలాంటిదో నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

"రేపు పదింటికి జాబితా రిజిస్ట్రేషనుకు వెళ్ళాలి. తప్పు ఎవరిదో కాగితం మీద ఉండాలి," అన్నారు ఆ పొద్దున గోవర్ధనరావుగారు పూర్ణిమతో. "పంతులుగారి సంతకం పట్రా. పెట్టనంటే కంప్యూటరు తప్పని రాసి నువ్వు పెట్టు. ఆ తర్వాత నీ ఉద్యోగం సంగతి నేను చెప్పలేను."

అదీ వరస. ఇక నడుద్దాం.

బస్సు దిగాక మాస్టారి ఇంటికి మైలున్నర నడక. మార్చి ఎండ. మినుము పీకి రోడ్డు మీద పరిచారు, వచ్చే పోయే లారీలే తొక్కి గింజ రాల్చి పెడతాయని. పూర్ణిమ మార్జిన్లో దుమ్ము మీద నడిచింది. ఆమెకు నిద్ర చాలక మూడు వారాలు దాటింది. పొద్దున్నే ప్యాసింజరు, సాయంత్రం మళ్ళీ ప్యాసింజరు, మధ్యలో కరెంటు ఉన్నంతసేపు కంప్యూటరు, పోయినప్పుడు గోవర్ధనరావుగారు. హైదరాబాదులో ఇన్సూరెన్సు కంపెనీ కంప్యూటరు విభాగంలో నాలుగేళ్ళు పనిచేసి, అది మూతపడ్డాక దొరికిన ఉద్యోగం ఇది. ఇది కూడా పోతే ఇంకెక్కడికి వెళ్ళాలో ఆలోచించే ఓపిక కూడా ఆమెకు లేదు. మాస్టారు మారు మాట్లాడకుండా సంతకం పెట్టేస్తే బాగుండునని దారి పొడుగునా కోరుకుంది. ఆ కోరిక మంచిది కాదని తెలుసు. అయినా కోరుకుంది.

మాస్టారు బోరింగు పంపు దగ్గర కూర్చుని తన చొక్కా తానే ఉతుక్కుంటున్నారు.

"రా అమ్మాయ్. ఉత్తరం వస్తోందని యలమంద నిన్ననే ఊరంతా చాటాడు. ఇటియ్యి, చదువుతాను."

"చేతులు తుడుచుకో అన్నయ్యా, కాగితం తడుస్తుంది," అంటూ ఆయన చెల్లెలు అన్నపూర్ణమ్మ తువ్వాలు తెచ్చి ఇచ్చింది. యాభై అయిదేళ్ళ మనిషి. పదమూడేళ్ళుగా అన్నగారి దగ్గరే ఉంటోంది.

మాస్టారు అరుగు మీద కూర్చుని కళ్ళజోడు సవరించుకుని ఉత్తరం మొత్తం చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"'ఉద్దేశపూర్వకముగా'లో ఒక వత్తు ఎగిరిపోయింది. మీ టైపిస్టుకి చెప్పు," అన్నారు.

"మాస్టారూ..."

"నేను కొట్టెయ్యలేదమ్మా. వాడంటే నాకు కోపమే. ఆ పిల్ల ఏడో తరగతిలో ఫస్టు వచ్చింది, తెచ్చి రొయ్యలు వలిచే పనిలో పెట్టాడు. అంతమాత్రాన పేరు కొట్టేస్తానా? ముప్ఫై నాలుగేళ్ళు హాజరుపట్టీ రాసినవాణ్ణి. ఉన్నవాణ్ణి లేడని ఏ రోజూ రాయలేదు."

"నాకు తెలుసు మాస్టారూ. నోటుబుక్కు తిప్పితే మొదటి పేరే యలమంద. నేను కంప్యూటరుకి కూడా ఎక్కించాను. అందులోనూ ఉన్నాడు. ముక్కలు చేసేటప్పుడు ఎక్కడో జారిపోయాడు. ఎక్కడో నాకు దొరకట్లేదు."

"ముక్కలేంటి?"

పూర్ణిమ అరుగు మీద కూర్చుంది. వివరించి చెప్పాలంటే నీరసంగా ఉంది. అయినా ఈయనకు చెప్పకపోతే ఎవరికి చెప్తుంది?

"నేను కంప్యూటరుకి రాసే భాషలో అన్నీ వరుసలే మాస్టారూ. పాలెంలో ఉన్న వాళ్ళందరి పేర్లూ ఒకే పొడుగాటి వరుస. ఇల్లూ వాకిలీ ఏమీ ఉండదు, పేరు తర్వాత పేరు, అంతే. దాని పక్కనే ఇంకో వరుస ఉంటుంది. అందులో ఒకట్లూ సున్నాలూ. ఎక్కడ ఒకటి ఉంటే అక్కడ తెంపమని అర్థం. మల్లెపూల దండని మూరలు తెంపినట్టు. తెంపాక ఒక్కో ముక్క ఒక్కో ఇల్లు. అప్పుడు ఒక్కటే మాట చెప్తాను, ప్రతి ముక్కలో మొదటి పేరు తియ్యి, మనుషుల్ని లెక్కపెట్టు అని. అన్ని ఇళ్ళకీ ఒకేసారి జరిగిపోతుంది. ఒక్కో ఇంటికీ వెళ్ళి విడిగా చెప్పక్కర్లేదు."

"బాగుంది. నేను నలభై మూడు గడపలు తొక్కాను. నువ్వు ఒక్క మాటతో తేల్చావు." మాస్టారికి నిజంగానే నచ్చినట్టుంది. "మరి ఎక్కడ తెంపాలో నీకెలా తెలిసింది?"

"మీరే రాశారుగా. మార్జిన్లో ఎర్ర ఇంకుతో 'ని' అని. పేర్లన్నీ ఒక రోజు కొట్టాను. మర్నాడు మార్జిన్ ఒక్కటే చూసుకుంటూ గుర్తులు కొట్టాను. 'ని' ఉన్న చోటల్లా ఒకటి, లేని చోట సున్నా."

"'ని' అంటే ఏమనుకున్నావు?"

"నివాసం. కొత్త ఇల్లు మొదలు."

"నివాసమా?" అని మాస్టారు కళ్ళజోడు తీశారు.

ఇంతలో అన్నపూర్ణమ్మ రెండు టీ గ్లాసులతో వచ్చింది. "పంచదార నిండుకుందమ్మా, బెల్లం ముక్క వేశాను. విరిగిందేమో చూసి తాగు," అంది.

పూర్ణిమ గ్లాసు అందుకుంది. నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయింది.

మన ఇళ్ళలో బియ్యం ఏనాడూ అయిపోవు, నిండుకుంటాయి. పంచదారా అంతే. అడుగంటిన డబ్బాను చూసి కూడా లేదు అనడానికి మన ఆడవాళ్ళకు నోరు రాదు. పూర్ణిమకు ఇది తెలియనిది కాదు. వాళ్ళమ్మ వారానికి ఒకసారైనా అనే మాటే. కానీ మూడు వారాల పాటు మార్జిన్లో ఆ ఒక్క అక్షరాన్ని చూస్తూ ఈ మాట ఆమెకు తట్టలేదు. ఆఫీసు కాగితాలు చదివీ చదివీ, నివాసము, నివాసి, నివేశన స్థలము, అవే కళ్ళముందు ఆడుతున్నాయి.

"మాస్టారూ, మీరు 'ని' అని రాసింది..."

"నిండింది అని. ఇల్లు నిండింది. ఆఖరి మనిషి పేరు పక్కన పెట్టాను."

పూర్ణిమ గ్లాసు కింద పెట్టేసింది.

"అయిపోయింది అని రాయొచ్చుగా మాస్టారూ! అడ్డగీత గీయొచ్చుగా!" అనేసింది. గొంతు కాస్త పైకి లేచింది.

మాస్టారు గొంతు తగ్గించి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు.

"డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత ఈ చుట్టుపక్కల జాబితాలు రాసింది నేనే అమ్మా. బడి మూసేశారు, పంతుళ్ళందర్నీ ఆ పనికి పెట్టారు. అప్పుడు ఆఖరి పేరు పక్కన 'అయిపోయింది' అనే రాసేవాణ్ణి. పొట్టిగా 'అ'. చినలంకపాలెంలో ఇరవై ఆరు ఇళ్ళకి పేర్లే లేవు. ఇంటి నెంబరు రాసి, ఎదురుగా 'అ' పెట్టాను. వరసగా ఇరవై ఆరు. ఆ పేజీ నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అప్పట్నుంచి మనుషులున్న ఇంటి పక్కన ఆ అక్షరం రాయలేకపోయాను. చెయ్యి రాదు. మీవాళ్ళు ఫారం ఇచ్చుంటే నింపేవాణ్ణి. తెల్లకాగితాల పుస్తకం ఇచ్చారు, నాకొచ్చినట్టు రాశాను."

పూర్ణిమకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో ఆమె తేల్చుకోలేదు. నోటుబుక్కు తీసి అరుగు మీద పరిచింది, పక్కన కంప్యూటరు కాగితాలు పరిచింది. ముక్కు ఎగబీల్చుకుంటూనే చూడడం మొదలుపెట్టింది.

నోటుబుక్కులో మొదటి ఇల్లు: యలమంద, తల్లి, ముగ్గురు పిల్లలు, ఆఖర్న మాణిక్యం. మాణిక్యం పక్కన ఎర్ర 'ని'. కంప్యూటరు ఏం చేసింది? మొదటి గుర్తు కనబడేదాకా వచ్చిన పేర్లు ఏ ఇంటివో దానికి చెప్పినవాళ్ళు లేరు. చెప్పకపోతే అది అడగదు. అయిదుగురినీ వదిలేసింది. మాణిక్యం దగ్గర గుర్తు చూసి, ఇల్లు ఇక్కడ మొదలనుకుని తెంపింది.

"మాస్టారూ, ప్రతి ఇంటికీ ఆఖర్న ఇల్లాలి పేరే ఉందేంటి?"

"గడపలో నిలబడి పేర్లు చెప్పేది వాళ్ళే కదమ్మా. మొగుడి పేరు నోటితో చెప్పరు, పక్కింటావిడ అందిస్తుంది. తర్వాత అత్త, మామ, పిల్లలు, మరిది. ఇంకెవరున్నారమ్మా అంటే అటూ ఇటూ చూసి, అంతేనండీ అంటారు. మరి నీ పేరో అంటే అప్పుడు గుర్తొచ్చి చెప్తారు. నలభై మూడు ఇళ్ళలోనూ అంతే. నేను విన్న వరసలో రాశాను."

పూర్ణిమ వేలు కంప్యూటరు కాగితం మీద కిందికి జారింది. రెండో ఇల్లు, మూడో ఇల్లు, నాలుగో ఇల్లు. ఆమె మొహం చూసి మాస్టారు కూడా వంగి చూశారు.

"ఇదేంటమ్మాయ్, మాణిక్యం కింద పక్కింటి నాగేశ్వర్రావు ఉన్నాడు?"

"నాగేశ్వర్రావుగారి భార్య కింద ఆ పక్కింటాయన ఉన్నాడు," అంది పూర్ణిమ. "అందరికీ అంతే మాస్టారూ. పాలెంలో ప్రతి ఆడమనిషికీ పక్కింటి మొగుణ్ణి కట్టబెట్టాను నేను."

ముందు నవ్వింది అన్నపూర్ణమ్మే. తర్వాత మాస్టారు. పూర్ణిమ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆఖరి ఇంటి పాపాయమ్మకు పక్కిల్లు లేదు కాబట్టి ఆమెకు మొగుడూ దొరకలేదు, పిల్లలూ దొరకలేదు. నలభై మూడో ఇంట్లో ఒంటరిగా నిలబడి ఉంది. గోడ మీద అంటించింది యజమానుల పేర్లే గనక ఈ సంబంధాలేవీ పాలెం కంట పడలేదు. వలలకు మనిషి పేరు ఉందా లేదా అని చూశారు గానీ, ఎవరి ఇంట్లో ఉందో చూడలేదు. నోటుబుక్కు అట్ట మీద మాస్టారు 219 అని అంకె వేసి ఉంచారు. కంప్యూటరు కాగితం అడుగున 214 అని ఉంది. మూడు వారాలుగా రెండూ ఒకే బల్ల మీద పడున్నాయి.

నవ్వు తగ్గాక పూర్ణిమ ఉత్తరాన్ని మడిచింది.

"తప్పు నాది. ఆడవాళ్ళ పేర్లు మొదట వస్తుంటే మీరే అలా రాశారనుకున్నాను, మంచి పని చేశారని సంతోషించాను కూడా. ఒక్కసారి పుస్తకం తిప్పి చూడలేదు. సంతకం నేను పెడతాను. రేపు పొద్దున వెళ్ళగానే సరిచేస్తాను. పెద్ద పనేం కాదు. గుర్తుల వరుసంతా ఒక్క మెట్టు కిందికి జరిపి, యలమంద దగ్గర ఒకటి పెడితే చాలు. అర నిమిషం. ఎవరి ఇంట్లోకి వాళ్ళు వెళ్ళిపోతారు."

"జరిపితే ఇళ్ళు ఎవరి పేర వస్తాయి?" అని అడిగింది అన్నపూర్ణమ్మ. గ్లాసులు తీయడానికి వంగిన మనిషి అలాగే ఆగింది.

పూర్ణిమ నోటుబుక్కు మళ్ళీ చూసింది. ముక్కలో మొదటి పేరు. నోటుబుక్కులో ప్రతి ఇంటికీ మొదట ఉన్నది మొగుడి పేరు.

"మగవాళ్ళ పేర," అంది.

అన్నపూర్ణమ్మ గ్లాసులు వదిలేసి అరుగు చివర కూలబడినట్టు కూర్చుంది.

"ఉప్పెన తర్వాత మాకూ ఇల్లిచ్చారమ్మా. మా ఆయన పేర. గడపకి పసుపు రాసింది నేను, నీళ్ళు పోసి గోడలు తడిపింది నేను. రెండేళ్ళు తిరక్కుండా అమ్మేసి అవనిగడ్డలో ఇంకోదాంతో కాపురం పెట్టాడు. అమ్మేటప్పుడు నన్ను అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా. కాగితం మీద నేను లేనుగా. ట్రంకుపెట్టె పట్టుకుని ఇక్కడికొచ్చాను." ఆమె గొంతులో ఏడుపేమీ లేదు. పదమూడేళ్ళుగా చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలవి. "మొన్న గోడ మీద జాబితా చూసొచ్చి పాపాయమ్మ నాతో చెప్పింది, వదినా, నన్నిక బయటికి పొమ్మనలేడు వాడు, అని. కొడుకు గురించి."

"తప్పు ఒప్పుకుందాం పిన్నిగారూ, ఆడవాళ్ళ పేర్లు అలాగే ఉంచమని అడుగుదాం," అంది పూర్ణిమ. "గోవర్ధనరావుగారు దాతలకి అలాగే చెప్పుకున్నారుగా."

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "గోడ మీదున్నది రూలనుకున్నారు, అందుకని ఊరుకున్నారు. పొరపాటని తెలిసిన మర్నాడు పాలెంలో మగాళ్ళంతా మీ ఆఫీసు మెట్ల మీద ఉంటారు. గోవర్ధనరావు వాళ్ళకి అడ్డం నిలబడే మనిషా? నీకే తెలియాలి."

పూర్ణిమకు తెలుసు. ఆయన ఎదురుగాలికి గొడుగు కూడా విప్పని మనిషి.

"పెన్నియ్యి," అన్నారు మాస్టారు.

"ఎందుకు?"

"పంతులు ఒక ఇంటిని వదిలేశాడు అంటే, ఆ ఒక్క ఇంటినీ కలుపుకుంటారు. యలమందకి వల వస్తుంది. రిజిస్ట్రేషనుకి వెళ్ళేది యజమానుల పేర్లేగా, మిగతా జాబితా ఎవరూ ముట్టుకోరు. నీ ఉద్యోగమూ ఉంటుంది. నీ గుర్తులు జరిపావనుకో, అన్నీ జరుగుతాయి."

"అన్నయ్యా, వద్దు." అన్నపూర్ణమ్మ లేచి వచ్చి ఉత్తరం మీద చెయ్యి పెట్టింది. "ఆ ఇళ్ళు ఆడవాళ్ళకే ఉండాలి. కానీ నువ్వు ఇది పెడితే ఊళ్ళో ఇంక నీ మొహం ఎవరు చూస్తారు? పగబట్టి పేదవాడి కడుపు కొట్టాడంటారు. ఇంకా ఏమేం అంటున్నారో నీకు తెలియదా?"

"తెలుసు. అందుకే పెడతానంటున్నాను. ఇందులో ద్వేషమని రాసుంది. ద్వేషమని నేనే ఒప్పుకుంటే మాణిక్యం మీద ఆ చెత్త మాటలు ఆగుతాయి. పగ అంటే ఊరికి చప్పున అర్థమవుతుంది. అరవై ఆరేళ్ళొచ్చాయి, ఇంకెన్నాళ్ళు అంటారులే నన్ను."

"మీరు తప్పు చెయ్యలేదు మాస్టారూ. అబద్ధం మీద సంతకం పెడతారా?"

"ఇన్నాళ్ళూ నిజాలే రాశానమ్మా. ఇరవై ఆరు ఇళ్ళ నిజం కూడా రాశాను. ఒక్కటి ఇలా రాయనీ."

పెన్ను పూర్ణిమే తీసి ఇచ్చింది. ఇవ్వకుండా ఉండాల్సింది అని మీరంటారు. నేనూ అంటాను. ఆయన గుండ్రటి అక్షరాలతో, పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద పెట్టినట్టు, సంతకం పెట్టి తేదీ వేశారు. ఆ క్షణాన పూర్ణిమకు హాయిగా అనిపించింది. రేపు ఉద్యోగం పోదు. గోవర్ధనరావుగారితో వాదన ఉండదు. సాయంత్రం ప్యాసింజరులో సీటు దొరికితే గుడివాడ దాకా నిద్రపోవచ్చు. ఇదంతా తన మనసే అనుకుందని తెలిసి, ఆమె సిగ్గుతో తల దించుకుంది. ఉత్తరాన్ని సంచిలో పెట్టలేదు, మాస్టారికి తిరిగి ఇవ్వనూ లేదు.

బయట సైకిలు బెల్లు వినిపించింది. యలమంద లోపలికి రాకుండా గేటు దగ్గరే దిగాడు. వెనక క్యారియరు మీద నుంచి మాణిక్యం దిగింది. ముప్ఫై దాటని మనిషి, ఎండకు కొంగు నెత్తిన కప్పుకుని ఉంది.

"బందరు నుంచి అమ్మగారు వచ్చారన్నారు, అందుకని వచ్చాం," అన్నాడు యలమంద. మాస్టారి వైపు చూడడం లేదు. "పంతులుగారు సంతకం పెట్టారాండి?"

"పెట్టాను యలమందా," అన్నారు మాస్టారు.

"నేను అమ్మగార్ని అడిగాను." అతను పూర్ణిమ వైపు తిరిగాడు. "నాకు చదువు రాదమ్మగారూ. ఏం రాశారో కాస్త చదివి వినిపించండి. వల ఇస్తే ఇచ్చారు, ఇవ్వకపోతే పోయారు. నా ఇంట్లో నేను లేనని ఎందుకు రాశాడో ఆ మాట నాకు కావాలి. పాలెంలో తలెత్తుకు తిరగలేకుండా ఉన్నాను."

పూర్ణిమ మాస్టారి వైపు చూసింది. ఆయన చదవమన్నట్టు తల ఊపారు. ఆమె కాగితం విప్పి చదివింది.

"'చినలంకపాలెం నివాసుల వివరములు సేకరించిన కాంతారావు అను నేను, వ్యక్తిగత ద్వేషముతో, యలమందను, అతని తల్లిని, ముగ్గురు బిడ్డలను ఉద్దేశపూర్వకముగా జాబితా నుండి తొలగించితినని ఒప్పుకొనుచున్నాను.'"

"ద్వేషమంటే?"

"పగ," అన్నారు మాస్టారు.

యలమంద గట్టిగా ఊపిరి వదిలాడు. భుజాలు కిందికి దిగాయి. "చాలండి. పగేనని నేను ముందే చెప్పాను. ఇప్పుడు అందరూ వింటారు. పదవే," అని సైకిలు తిప్పాడు.

మాణిక్యం కదల్లేదు. గేటు తీసుకుని లోపలికి వచ్చింది. అరుగు ముందు నిలబడి, కొంగు నెత్తి మీద నుంచి తీసేసి, పూర్ణిమ చేతిలోని కాగితం కేసి చూసింది.

"అమ్మగారూ, మా ఆయన పేరు పగతో తీసేశారు. బాగుంది. మా అత్త పేరు, నా పిల్లల పేర్లు, అవీ పగతోనే తీసేశారు. మా ఇంట్లో ఆరుగురం ఉంటే నా పేరొక్కటీ ఎందుకు ఉంచారు? అది కూడా రాశారా అందులో?"

మాస్టారు అరుగు మీద నుంచి లేచి నిలబడ్డారు. ఆయనకు ఇప్పుడు అర్థమైంది. తన పరువు ఒక్కటే రాసిచ్చానని ఆయన అనుకున్నారు.

పూర్ణిమ కాగితం చివరిదాకా చూసింది. అది అందులో రాసి లేదు. గేటు దగ్గర యలమంద సైకిలును గోడకు ఆనించి, మెల్లగా లోపలికి నడిచి వస్తున్నాడు.